మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు: పఠనము, ఏకాంతము, వార్ధకము

వార్ధకము మానవునకు గొప్ప పరీక్ష. చూపు మందగించును; వినికిడి తగ్గును; కాళ్లు చెప్పినమాట వినవు. ఈడువారు ఒక్కరొక్కరుగ వెళ్లిపోవుదురు. నిన్నటివరకు తన సలహాకై కాచుకొని యున్నవారు నేడు తమతమ పనులలో మునిగియుందురు. అట్టి దినములలో మనుష్యునకు తోడుగ నిలుచునది అతడు అంతకుముందు హృదయమున కూడబెట్టుకొన్నదే. ధాన్యమును కోతల కాలముననే గాదెకు చేర్చవలెను గాని, ఆకలివేళ పొలమునకు పరుగిడిన ప్రయోజన మేమి? ఐశ్వర్యమున పుట్టి, ఋణములలో మునిగి, హిమాలయములలో తపమొనరించి, మరల గృహస్థుడై, ఎనుబదియేడేండ్లు జీవించిన మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు చరిత్రమున ఈ సత్యము తేటపడుచున్నది. లోకమాయనను రవీంద్రనాథుని తండ్రిగనే ఎక్కువగ నెరుగును. కాని ఆయన జీవితము తనంతట తానే ఒక పాఠము.

పితామహి

దేవేంద్రనాథుడు 1817వ సంవత్సరము మే 15వ తేదీన కలకత్తా నగరమందలి జోడాసాంకో భవనమున జన్మించెను. తండ్రి ద్వారకానాథుడు ఆనాటి వంగదేశమున మిక్కిలి పేరుపొందిన వర్తకుడు. ఆంగ్లేయులతో సమానముగ భాగస్వామియై 1834లో కార్, టాగోర్ కంపెనీని స్థాపించెను. నీలిమందు, పట్టు, చక్కెర, బొగ్గుగనులు, పొగయోడలు మున్నగు పెక్కు వ్యాపారము లాయన చేతిలో నుండెను. ఆయన చేయు విందులను, దానములను చూచి జనులాయనను ప్రిన్సు అని పిలిచెడివారు. అట్టి ఇంట పెద్దకుమారునకు లోటేమి యుండును?

అయినను బాలుని మనస్సు పట్టుపరుపులపైకంటె పితామహి ప్రక్కననే ఎక్కువగ నిలిచెను. ఆమె పేరు అలకాసుందరి. ప్రతిదినము గంగాస్నానము చేయును. దేవునకు తన చేతులతోనే మాలలు గ్రుచ్చును. ఒక్కొక్కనాడు సూర్యోదయము మొదలు సూర్యాస్తమయమువరకు ఎండలో నిలిచి సూర్యునకు అర్ఘ్యము లిచ్చుచుండును. బాలుడు మేడపై ఆమెచెంత కూర్చుండి వినివిని ఆ సూర్యస్తోత్రమును కంఠస్థము చేసికొనెను. ఎవరును నేర్పలేదు, ఎవరును పరీక్షింపలేదు. ప్రేమించిన మనుష్యుని నోట వినినందున అది లోనికి దిగెను. ఆయన జీవితమున మొదటి గ్రంథము ఆమెయే యని చెప్పవచ్చును.

ఆయన మొదట రామమోహన రాయలవారు స్థాపించిన పాఠశాలలోను, పిమ్మట హిందూ కళాశాలలోను చదివెను. 1835లో పితామహికి అంత్యకాలము సమీపించెను. ఆనాటి ఆచారము ననుసరించి ఆమెను గంగాతీరమునకు తీసికొనిపోయి మూడురాత్రు లుంచిరి. ద్వారకానాథుడు ఊర లేడు. ఆమె మరణమునకు ముందటి రాత్రి దేవేంద్రనాథుడు నీమ్‌తలా ఘట్టమున ఒక ముతకచాపపై కూర్చుండి యుండెను. పున్నమిచంద్రు డుదయించెను. సమీపముననే శ్మశానము. లోన ఆమె చెవిలో భగవన్నామము గానము చేయుచుండిరి. ఆ క్షణమున ఆ పదునెనిమిదేండ్ల యువకునకు తాను నిన్నటివరకు ఎరిగిన లోకమంతయు నీడవలె తోచెను. రత్నకంబళములు హేయములుగ కనబడెను. ఆ ముతకచాపయే తనకు తగిన ఆసనమనిపించెను. ఎన్నడు నెరుగని యానందము ఉప్పొంగెను. అర్ధరాత్ర మిల్లు చేరినను ఆనందాతిశయముచే నిద్రపట్టలేదు. మరునాటి ఉదయము ఆమెను గంగాజలమున దించిరి. చేయి రొమ్ముపై నుండ, వ్రేలు పైకెత్తి, ఆమె దేహము చాలించెను. పోవుచు పోవుచు భగవంతుని చూపి పోయెనని మనుమడు తలచెను.

కాని ఆ యానందము నిలువలేదు. కొన్నిదినములకే మాయమయ్యెను. దానిని తిరిగి పొందుటకై ఆయన పడిన తపన చెప్పనలవికాదు. తన వస్తువులను అడిగినవారి కడిగినట్లు పంచిపెట్టెను. శాంతి లభింపలేదు. మధ్యాహ్నపు టెండయు నల్లగ తోచునంతటి విషాద మాయనను క్రమ్ముకొనెను. ఒకనాటి అనుభవమును మరల పిలిచిన రాదనియు, దానికి తగిన జీవితమును నిర్మించుకొనవలెననియు ఆయన మెల్లమెల్లగ గ్రహించెను.

గాలిలో వచ్చిన పుట

అప్పుడాయన గ్రంథముల నాశ్రయించెను. సంస్కృతమును అభ్యసించెను, మహాభారతమును చదివెను, పాశ్చాత్య తత్త్వశాస్త్రములను పరిశీలించెను. ప్రకృతిశక్తుల యెదుట మానవుడు నిస్సహాయుడని పాశ్చాత్యుల గ్రంథములు చెప్పుచున్నట్లు తోచి భయము కలిగెనే కాని ఊరట కలుగలేదు.

ఇట్లుండగ ఒకనాడొక సంస్కృతగ్రంథమునుండి చినిగిన పుట యొకటి ఆయన యెదుట గాలికి ఎగురుచు పోయెను. ఆయన దానిని పట్టుకొని చదివెను. అర్థము కాలేదు. ఆయన ఆ కాలమున పినతండ్రి చేతిక్రింద యూనియన్ బ్యాంకులో కొలువు చేయుచుండెను. పుటను ఇంటి పండితుని చేతికిచ్చి కొలువునకు పోయెనే గాని మనస్సు లెక్కలపై నిలువలేదు, వేళకాకముందే తిరిగివచ్చెను. తుదకు బ్రహ్మసమాజ పండితుడగు రామచంద్ర విద్యావాగీశుడు వచ్చి అది ఈశావాస్యోపనిషత్తులోనిదని చెప్పి అర్థము వివరించెను. సర్వము ఈశ్వరునిచే వ్యాప్తమనియు, త్యాగముతో కూడినదే నిజమగు భోగమనియు, పరధనము నాశింపరాదనియు ఆ మొదటి మంత్రపు భావము. ఇంటినిండ ధనముండియు దానిని విసర్జించుటయో అనుభవించుటయో తెలియక తల్లడిల్లుచున్న యువకునకు ఆ మాట ఆకాశమునుండి వచ్చినట్లయ్యెను.

ఒక పుట చాలినది. ఆ పుటను పట్టుకొని ఆయన ఉపనిషత్తుల నన్నిటిని చదివెను. గ్రంథములు వేలకొలదిగ నున్న ఇండ్లు గలవు. గాలికి వచ్చిన పుటను ఆపి అర్థమేమని అడుగువారు మాత్రము అరుదు.

1839 అక్టోబరు 6న జోడాసాంకో భవనపు క్రిందియంతస్తులోని చిన్నగదిలో పదిమందితో ఆయన తత్త్వబోధినీ సభను ప్రారంభించెను. 1843లో అక్షయకుమార దత్తుని సంపాదకత్వమున తత్త్వబోధినీ పత్రిక వెలువడెను. ఆ సంవత్సరమే డిసెంబరు 21న, వంగపంచాంగము ప్రకారము పుష్యము ఏడవదినమున, ఆయన మరి యిరువదిమందితో విద్యావాగీశుని యొద్ద బ్రాహ్మధర్మదీక్ష గైకొనెను. రామమోహన రాయలు ఇంగ్లండున కాలధర్మము నొందిన పిదప సన్నగిల్లిన సమాజమునకు దీనిచే మరల ప్రాణము వచ్చెను. వేదముల స్వరూపమును తెలిసికొనుటకై ఆయన నలుగురు విద్యార్థులను కాశికి పంపి ఒక్కొక్కనిచే ఒక్కొక్క వేదమును చదివించెను. తానును 1847లో కాశికి పోయి విచారించెను.

ఆయన చదువులో ఒక విశేష మున్నది. ఆయన గ్రంథమునకు నమస్కరించెను. కాని చదివినదంతయు అంగీకరింపలేదు. జీవేశ్వరుల ఐక్యమును చెప్పు వాక్యములు ఆయన భక్తిస్వభావమునకు సరిపడలేదు. అద్వైతులు దీనితో ఏకీభవింపరు. ఏకీభవింప నవసరమును లేదు. తాను నమ్మనిదానిని నమ్మినట్లు నటింపకుండుట ఆయన నిజాయతీ. 1848లో ఆయన ఉపనిషద్వాక్యములను ఆశువుగ చెప్పుచుండ అక్షయకుమారుడు వ్రాయుచు పోగా మూడుగంటలలో బ్రాహ్మధర్మమను గ్రంథపు మొదటిభాగము సిద్ధమయ్యెనని చెప్పుదురు. మూడుగంటల పనివలె కనబడును గాని అది పది సంవత్సరముల పఠనము. కంఠస్థము కానిది, హృదయస్థము కానిది అట్లు వెలువడదు.

ఋణము

1846 ఆగస్టు 1న ద్వారకానాథుడు లండనున మరణించెను. విగ్రహారాధనము లేని పద్ధతిని పితృకర్మ చేసినందున బంధువులు పెక్కురు దేవేంద్రనాథుని విడిచిపోయిరి. అంతకు మించిన విపత్తు 1848 జనవరిలో వచ్చెను. కార్, టాగోర్ కంపెనీ దివాలా తీసెను. ఇయ్యవలసినది 1 కోటి రూపాయలు. రావలసినది 70 లక్షలు. 30 లక్షలకు దారి లేదు. తండ్రి ముందుచూపుతో కొన్ని జమీందారీ భూములను ధర్మకర్తల యధీనమున వ్రాసియుంచెను. వానిని ఋణదాతలు తాకరాదు. చట్టము దేవేంద్రనాథుని పక్షమున నుండెను. వయస్సు ముప్పదియేండ్లు, ఇంటినిండ పిల్లలు.

ఋణదాతల సమావేశమున ఆయన ఆ భూములనుకూడ స్వయముగ వారి వశము చేసెను. తండ్రి ఋణము తీరువరకు తనకేమియు వలదనెను. దావాలకు సిద్ధపడి వచ్చినవారు నివ్వెరపోయిరి. కొందరి కన్నులు చెమర్చెనని చెప్పుదురు. వారే కుటుంబపోషణమునకై సంవత్సరమునకు 25,000 రూపాయలు ఏర్పరచిరి. కొంతకాలమునకు ఆస్తి నిర్వహణమును తిరిగి ఆ సోదరుల కప్పగించిరి. గుఱ్ఱములు, బండ్లు, అలంకారసామగ్రి అమ్ముడుపోయెను, సేవకులు తగ్గిరి. ఒకానొకప్పుడు ఋణమునకై ఆయనను నిర్బంధించుటకు కోర్టుబంట్రోతుకూడ వచ్చెను. అయినను ఏండ్లు పట్టినను ఋణము తీర్చెను. తండ్రి ఒక ధర్మసంస్థకు వాగ్దానముచేసి ఇయ్యకపోయిన లక్ష రూపాయలనుకూడ వడ్డీతో చెల్లించెను.

గంగాతీరమున ముతకచాపపై కూర్చున్ననాడు ఆయన వైరాగ్యమును కోరెను. అది కోరిన రూపమున రాలేదు. దివాలా రూపమున వచ్చెను. అడవికి పోయి ధనమును విడుచుట ఒకవిధమగు త్యాగము. ఇంటనుండి అణా అణా లెక్కగట్టి ఇతరులకు చెల్లించుట మరియొకవిధమగు త్యాగము. రెండవది కష్టతరము. తరువాతి జీవితమంతయు ఆయన జమాఖర్చులయెడ చూపిన శ్రద్ధకు మూల మిచ్చటనే కలదు. లెక్క తప్పుట ఆయన దృష్టిలో సత్యము తప్పుటయే.

హిమాలయము

ఉద్యమము పెరిగినకొలది వాదములు పెరిగెను. మిత్రులు కొందరు సభచేసి ఈశ్వరుని లక్షణములను చేతులెత్తి లెక్కపెట్టి నిర్ణయించు స్థితి వచ్చెను. దేవేంద్రనాథుని మనస్సు విరిగెను. 1856 అక్టోబరులో, ముప్పదితొమ్మిదవయేట, ఇల్లు విడిచి గంగపై పడవలో కాశికి బయలుదేరెను. కాశి, ప్రయాగ, ఆగ్రా, ఢిల్లీ చూచి అమృతసరము చేరి స్వర్ణమందిరమున నడచు నిరంతర కీర్తనమును విని పరవశుడయ్యెను. అచ్చటనుండి 1857 వేసవిలో సిమ్లా చేరెను. ఆ యేడే సిపాయిల తిరుగుబాటు చెలరేగెను. సిమ్లాలో వదంతులు వ్యాపించి జనులు పారిపోయిరి; ఆయనయు కొన్నిదినములు వేరొకచోటికి తొలగి తిరిగివచ్చెను. పిమ్మట నార్కండ దాటి లోపలి పర్వతములకు పయనమయ్యెను.

రెండు సంవత్సరములు ఆ యేకాంతము సాగెను. మంచువంటి చల్లని నీట స్నానము. పగలు అడవిలో సంచారము, గ్రంథపఠనము. రాత్రి కిటికీ తెరచి, కంబళి కప్పుకొని, అర్ధరాత్రమువరకు ధ్యానము. ఉపనిషత్తులతోపాటు ఆయన యొద్ద పారసీక కవి హాఫిజు గీతము లుండెను. ఫారసీ ఆయనకు బాల్యమునుండి పరిచితమే. హైందవ ఋషులును సూఫీ కవియు ఆ గదిలో ఒకేదీపము వెలుగున కూర్చుండిరి. జర్మనుదేశపు కాంటు, ఫిక్టే మున్నగు తాత్త్వికుల రచనలనుకూడ ఆయన పరిశీలించెను. ఆయన పఠనమునకు కాలక్షేపము లక్ష్యము కాదు. కొంచెము చదువును; చదివినదానిని నోట పాడును; పాడినదానితో మౌనమున కూర్చుండును. చదువు, గానము, ధ్యానము ఒకదానిలోనికొకటి ప్రవహించెను.

1858లో ఒకనాడు ఆయన కొండవాగుపైని వంతెనమీద నిలిచి ప్రవాహమును చూచుచుండెను. ఇచ్చట ఈ నీరెంత స్వచ్ఛముగ, ఎంత చల్లగ నున్నది! ఐనను ఇది పల్లమునకే పరుగిడుచున్నది. దిగినకొలది బురదతో కలియును, మలినమగును. ఏల పోవలెను? కాని పోనిచో మైదానములలో పైరు పండదు. ఈ భావము కలిగినంతనే, నీవును దిగి పొమ్ము, ఇచ్చట లభించినదానిని అచ్చట పంచుమని అంతర్యామి ఆజ్ఞాపించినట్లాయనకు తోచెను. ఆయన సంతోషింపలేదు, వణకెను. మరల సంసారమా, వాదములా, లెక్కలా అని హృదయము మొరాయించెను. ఆ రాత్రి గుండెదడతో గడచెను. తెల్లవారినపిదప ప్రయాణమునకు సిద్ధపడెను. 1858 నవంబరున కలకత్తా చేరెను. అప్పటికాయన వయస్సు నలువదియొక సంవత్సరములు.

విడిపోయినవారు, మిగిలిన శాంతి

తిరిగివచ్చిన ఆయనకు కేశవచంద్ర సేనుడను తేజోవంతుడగు యువకుడు కుమారునివలె లభించెను. 1862లో బ్రాహ్మణేతరుడగు కేశవునకు సమాజాచార్యపదవి నొసగెను. 1864లో కేశవుడు మద్రాసునకు వచ్చి ప్రసంగించిన పిదప అచ్చట వేదసమాజ మేర్పడెను. తరువాతికాలమున ఆంధ్రదేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు, రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు అనుసరించిన మార్గమునకు పూర్వచరిత్రము ఇదియే. కాని యజ్ఞోపవీతము, వర్ణాంతర వివాహము మున్నగు విషయములలో యువకులు వేగముగ పోదలచిరి. దేవేంద్రనాథుడు మెల్లగ పోదలచెను. 1866లో కేశవుడు వేరుసమాజమును స్థాపించెను. దేవేంద్రనాథుని పక్షము ఆది బ్రహ్మసమాజమని పేరొందెను.

ఆ వియోగ మాయనకు పుత్రవియోగమువంటిది. ఈ విషయమున ఆయన నిర్ణయములన్నియు సరియైనవని చెప్పలేము. కాలము యువకుల పక్షమున నడచెను. కాని ఆయన ద్వేషము పెంచుకొనలేదు. విడిపోయినవారే పిమ్మట ఆయనకు సన్మానపత్రము సమర్పించి మహర్షియని సంబోధించిరి. పెద్దరికమును చేజారనీయక పట్టుకొని ప్రాకులాడువారు లోకమున పెక్కురు. దేవేంద్రనాథుడు దానిని వదలి ఏకాంతమునకు మరలెను.

ఆయన ఏకాంతమునకు చోటు అదివరకే దొరికియుండెను. బోల్‌పూరు సమీపమున విశాలమగు మెట్టనేలలో రెండు సప్తపర్ణ వృక్షము లుండెను. ఒక్కొక్క కణుపున ఏడేసి యాకులు గుత్తిగ పట్టు చెట్లవి. ఆ మార్గమున పోవుచు వాని నీడను చూచి ఆయన ఆగెను. 1863లో ఆ చుట్టునున్న 20 బిఘాల భూమిని సంవత్సరమునకు 5 రూపాయల శిస్తుపై శాశ్వతముగ గైకొని, ఒక గృహము కట్టి శాంతినికేతనమని పేరుపెట్టెను. బీడునేల కావున మంచిమన్ను తెప్పించి చెట్లు నాటించెను. 1888 మార్చిలో దానిని ధర్మసంస్థగ వ్రాసియిచ్చెను. నిరాకారుడగు ఏకేశ్వరుని ధ్యానింపదలచు ఎవ్వరైనను అచ్చట ఉండవచ్చును. విగ్రహారాధనము, మాంసము, మద్యము కూడవు. ఏ మతమును, ఎవరి ఆరాధ్యదైవమును నిందింపకూడదు. అచ్చట పాఠశాలయు గ్రంథాలయమును ఏర్పరుపవచ్చునని ఆ పత్రమునందే వ్రాసెను.

కుమారునకు పంచిన ఏకాంతము

1873లో పదునొకండేండ్ల రవీంద్రునకు ఉపనయనమైన పిమ్మట తండ్రి అతనిని వెంటబెట్టుకొని శాంతినికేతనమునకును, అమృతసరమునకును, అచ్చటనుండి డల్‌హౌసీ కొండలకును పోయెను. తండ్రి ఏకాంతప్రియుడు, బాలుడు ఆటల వయస్సువాడు. ఏకాంతమును ఇతరులపై రుద్దిన అది శిక్షయగును. దేవేంద్రనాథుడు అట్లు చేయలేదు. బాలుని స్వేచ్ఛగ కొండలలో తిరుగనిచ్చెను. తన విలువగల గడియారమున కతనిచే కీ ఇప్పించెను. దారిఖర్చుల లెక్క అతనికే అప్పగించెను. భగవద్గీతలో తాను గుర్తుపెట్టిన శ్లోకములను అతనిచే ఎత్తి వ్రాయించెను. సంస్కృతమును, ఆంగ్లమును స్వయముగ బోధించెను. రాత్రి నక్షత్రములను చూపి ఖగోళశాస్త్రమును చెప్పెను. తాను చదువుటకు గిబ్బన్ రచించిన రోమక సామ్రాజ్యచరిత్రపు సంపుటములను తెచ్చుకొని యుండెను. ఆధ్యాత్మికజీవనమన లోకచరిత్రమును, విజ్ఞానమును తలుపువెలుపల నుంచుటయని ఆయన తలచలేదు.

తెల్లవారకముందే బాలునకు మెలకువ వచ్చినపుడు తండ్రి ఎఱ్ఱని శాలువ కప్పుకొని, దీపము చేతబట్టి, చప్పుడు కాకుండ ధ్యానమునకై వరండాలోనికి పోవుట కనబడుచుండెడిది. ఆ దృశ్యము రవీంద్రుని మనస్సున జీవితాంతము నిలిచెను. ఉపదేశమునకంటె ఆ నిశ్శబ్దపాదము లెక్కువ నేర్పెను.

1875లో దేవేంద్రనాథుని భార్య శారదాదేవి కాలధర్మము నొందెను. శ్మశానమునుండి తిరిగివచ్చిన బాలుడు మూడవ యంతస్తు వైపు చూచినపుడు తండ్రి తన గది ముందటి వరండాలో నిశ్చలుడై ప్రార్థనలో కూర్చుండియుండెను. అది కఠినత్వమనువారు కలరు. కాని నలువది సంవత్సరములుగ ప్రతిదినము కూర్చుండిన చోటు దుఃఖదినమున ఆయనకు ఆశ్రయమిచ్చెను. నిత్యకర్మమునకు ఫలము నిత్యము కనబడదు. ఇల్లు కూలిననాడు కనబడును.

సందర్శకులు

ఆయన పేరువిని పెక్కురు దర్శనమునకు వచ్చిరి. హిందూ కళాశాలలో తన సహాధ్యాయియగు మథురానాథునితో శ్రీరామకృష్ణులు వచ్చి, సంసారముననుండియు ఈశ్వరునిపై మనస్సు నిలిపినవాడని ఆయనను ఆదరించిరి. వేదమునుండి ఏదైన చెప్పుమన దేవేంద్రనాథుడు జీవులను జగత్తనెడు గొప్ప దీపగుచ్ఛములోని దీపములతో పోల్చు భావమును వినిపించెను. పిమ్మట సమాజోత్సవమునకు ఆహ్వానించియు, పరమహంసల వస్త్రధారణము సభామర్యాదకు సరిపడదేమో యను శంకచే మరునాడే ఆ యాహ్వానమును ఉపసంహరించుకొనెను. మహాత్ములకును పుట్టుకతో వచ్చిన మర్యాదల సంకెల ఒక్కొక్కయెడ కాలికి తగులుచునే యుండును.

మరికొంతకాలమునకు గంగపై పడవలో ఏకాంతముననున్న ఆయనకడకు ఒక యువకుడు తటాలున వచ్చి దేవుని చూచితిరా యని ప్రశ్నించెను. ఆ యువకుడే నరేంద్రుడు. దేవేంద్రనాథుడు అవునని గాని కాదని గాని చెప్పక, అతని కన్నులు యోగినేత్రములని మాత్రమనెను. నరేంద్రుడు కోరిన సమాధానము దక్షిణేశ్వరమున లభింపవలసి యుండెను. కాని ఈ వృద్ధుని మౌనమునకును ఒక విలువ యున్నది. మహర్షియని లోకము కొనియాడుచుండ, ఆ ప్రశ్నకు ఔనని తలయూపుట యెంత సులభము! తాను పలుకగలిగినంతకంటె ఎక్కువ ఆయన పలుకలేదు.

చూపు పోయినపుడు

తరువాతి సంవత్సరములలో ఆయన గంగయొడ్డున చిన్సురాలోను, పిమ్మట కలకత్తా పార్కు వీథిలోను, తుదకు జోడాసాంకోలోను నివసించెను. 1887లో మాఘోత్సవమునకై రవీంద్రుడు క్రొత్తకీర్తనలు రచింపగా చిన్సురాకు పిలిపించి వానిని పాడించుకొని వినెను. పిమ్మట, దేశపు రాజునకు దేశభాష తెలిసియుండిన కవిని సన్మానించియుండును, అట్టి యదృష్టము లేనందున తానే ఆ పని చేయుచున్నానని పలికి 500 రూపాయల చెక్కు నిచ్చెను. వృద్ధులు యువకుల కీయదగిన గొప్పవరము శ్రద్ధగ వినుట.

క్రమముగ కన్నులు చదువుటకు పనికిరాకపోయెను, వినికిడియు తగ్గెను. గ్రంథములతో జీవించినవానికి ఇంతకంటె కష్టమేమి యుండును? ఐనను ఆయన దినచర్య చెదరలేదు. నెలనెలా రెండవ, మూడవ తేదీలలో రవీంద్రుడు జమీందారీ లెక్కలను పైకి చదువుచుండ ఆయన విని, అంకెలను మనస్సున చిత్రమువలె నిలుపుకొని, ఎచ్చటనైన పొసగనిచో ప్రశ్నించుచుండెను. లోపము దాచుట సాధ్యముకాదని కుమారుడు త్వరలోనే తెలిసికొనెను. ఇక ఉపనిషత్తులు, హాఫిజు గీతములు ఆయనకు కన్నులతో పనిలేనివి. పితామహిచెంత సూర్యస్తోత్రమును నేర్చిన విధముననే వానిని లోనికి దింపుకొని యుండెను. పుస్తకము మూతపడెను, పఠనము సాగెను.

ఆ వార్ధకముననే ఆయన ఆత్మచరిత్రము వెలువడెను. దానిని తన యంతేవాసియగు ప్రియనాథ శాస్త్రి కప్పగింపగా 1898లో ప్రకటితమయ్యెను. అది పదునెనిమిదవయేటి గంగాతీరపు రాత్రితో మొదలై నలువదియొకటవయేట హిమాలయమునుండి దిగివచ్చుటతో ముగియును. కీర్తిప్రతిష్ఠలు, సన్మానములు, విరోధములు అన్నియు ఆ తరువాతివే. వానిని గూర్చి ఆ గ్రంథము మౌనము వహించెను. వృద్ధులు గతమును తలపోయుట సహజము. ఆయన తలపోసినది తాను గెలిచిన వాదములను గాదు, తన్ను మార్చిన రాత్రులను.

1901లో శాంతినికేతనమున పాఠశాల పెట్టుటకు రవీంద్రుడు అనుమతి కోరగా తండ్రి ఆశీర్వదించెను. తాను ఏకాంతమునకై నాటిన చెట్లక్రింద పిల్లల అల్లరి వినబడునని ఆయన ఎరుగును. అంగీకరించెను. 1905 జనవరి 19న జోడాసాంకో భవనమున, ఎనుబదియేడవయేట, దేహము చాలించెను. ఆ చిన్నపాఠశాల 1921లో విశ్వభారతి యయ్యెను. 2023లో శాంతినికేతనము యునెస్కో వారి ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరెను. వానిలో దేనిని ఆయన కోరలేదు; రెండుచెట్ల నీడను మాత్రము కోరెను.

దేవేంద్రనాథుని వలె హిమాలయములకు పోగలవారు కొందరే. అందరికి అవసరమును లేదు. కాని ప్రతిదినము తెల్లవారకముందు కొంతసేపు మౌనముగ కూర్చుండుట, ఒక మంచిగ్రంథమును కొంచెము కొంచెముగ చదివి కంఠస్థము చేసికొనుట, ఇయ్యవలసినవారికి లెక్కతప్పక ఇచ్చుట, పెద్దరికమును సకాలమున విడుచుట, పిన్నలు చెప్పునది వినుట: ఇవి ఏ ఇంటనైనను సాధ్యములే. కన్నులున్నపుడే చదువవలెను, చదివినది లోనికి దిగవలెను. అట్లు దిగినవానికి దీపము మలిగినను గది చీకటి కాదు.